జాన్ పోస్టెల్

జోనథన్ బ్రూస్ పోస్టెల్ (ఆగస్టు 6, 1943 - అక్టోబరు 16, 1998) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. జాన్ పోస్టెల్ అనే పేరుతో సుప్రసిద్ధుడు. అంతర్జాలానికి ఆద్యమైన ఆర్పానెట్ పనిచేయడం మొదలుపెట్టిన 1969 నుండి తన మరణం వరకు, దాదాపు ముప్పై సంవత్సరాలు, ఆ వ్యవస్థలో వాడే సంఖ్యల పద్దును నిర్వహించాడు. ఈ-మెయిలు బట్వాడాకు 25, వెబ్ సర్వరుకు 80 అన్న పోర్టు సంఖ్యలు ప్రపంచమంతటా ఒకటిగా ఉండడానికి ఈ పద్దే కారణం. ఐపీ, టీసీపీ, యూడీపీ, ఎస్‌ఎంటీపీ ప్రోటోకాళ్ళ ప్రమాణ పత్రాలు ఇతని సంపాదకత్వంలోనో రచనలోనో వెలువడ్డాయి.

బాల్యం, విద్య

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజెలెస్ నగరంలోని వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివాడు. అంతర్జాల నిర్మాతలలో ముఖ్యులైన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఇదే పాఠశాల విద్యార్థులు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో 1966లో పట్టభద్రుడయ్యాడు, 1968లో స్నాతకోత్తర పట్టా పొందాడు. అదే విశ్వవిద్యాలయం నుండి 1974లో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు అందుకున్నాడు. డేవిడ్ ఫార్బర్ ఇతని పరిశోధనకు మార్గదర్శకుడు.

ఆర్పానెట్ తొలి రోజులు

అమెరికా రక్షణ శాఖ పరిశోధనా సంస్థ ఆర్పా ఆర్థిక సహాయంతో నిర్మించిన ఆర్పానెట్‌లో మొదటి కేంద్రం 1969లో పోస్టెల్ చదువుతున్న విశ్వవిద్యాలయంలోనే ఏర్పడింది. ఆచార్యుడు లియోనార్డ్ క్లైన్‌రాక్ నడిపే నెట్‌వర్కు కొలతల కేంద్రంలో పోస్టెల్, సెర్ఫ్, క్రాకర్ పనిచేసేవారు. నెట్‌వర్కుకు అనుసంధానమైన కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఏ నియమాల ప్రకారం మాట్లాడుకోవాలో నిర్ణయించే పని చాలావరకు ఈ విద్యార్థుల మీదే పడింది.

1969 ఏప్రిల్ 7న క్రాకర్ వ్రాసిన పత్రంతో ఆర్‌ఎఫ్‌సి అనే పత్రాల వరుస మొదలయింది. సభ్యుల అభిప్రాయాలు కోరుతూ పంచే ముసాయిదా అని ఆ పేరుకు అర్థం. పేరులో అంత వినయమున్నా తరువాతి కాలంలో అంతర్జాల ప్రమాణాలన్నీ ఈ రూపంలోనే వెలువడ్డాయి. ఈ పత్రాలకు వరుస సంఖ్య ఇచ్చి, భాషను సరిచూసి, భద్రపరచే సంపాదకత్వ బాధ్యత పోస్టెల్ చేపట్టాడు. చివరి దాకా విడువలేదు. రెండు వందలకు పైగా పత్రాలకు అతడే రచయిత, లేదా సహ రచయిత.

1973 తరువాత అతడు మైటర్ సంస్థలోను, ఆ పిమ్మట స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందంలోను పనిచేశాడు. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో చేరాడు. మెరీనా డెల్ రే పట్టణంలోని ఈ సంస్థలోనే మరణించేవరకు ఉన్నాడు. ఉద్యోగం మారినప్పుడల్లా సంఖ్యల పద్దు కూడా అతని వెంటే వెళ్ళింది. ఆ పద్దు ఏ కార్యాలయానికీ చెందక ఒక మనిషికి చెందినదై ఉండడం మొదట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

సంఖ్యల పద్దు

ఒక కంప్యూటరులో ఏకకాలంలో అనేక సేవలు నడుస్తాయి. కంప్యూటరు చిరునామా ఊరి పేరు వంటిది. గౌడవెల్లి, మేడ్చల్ మండలం అని వ్రాస్తే ఉత్తరం ఊరికి చేరుతుంది కాని, ఏ ఇంటికి చేరాలో ఇంటి సంఖ్యే చెప్పాలి. నెట్‌వర్కులో ఆ ఇంటి సంఖ్య వంటిది పోర్టు సంఖ్య. తొలి రోజులలో దీనిని సాకెట్ సంఖ్య అనేవారు. ఒకే ఊరిలో రెండిళ్ళకు ఒకే సంఖ్య ఉంటే తపాలా బంట్రోతు ఎక్కడికి పోవాలి? అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. పరిచయం లేని ఊరిలో ఫలానా సేవ ఏ సంఖ్య ఇంట్లో దొరుకుతుందో ముందుగా తెలియాలంటే అన్ని ఊళ్ళూ ఒకే ఒప్పందం పాటించాలి.

1972 మార్చిలో సెర్ఫ్, పోస్టెల్ కలిసి ఏయే కేంద్రాలలో ఏయే సాకెట్లు వాడుకలో ఉన్నాయో తెలుపమని కోరుతూ ఒక పత్రం పంపారు. ఆ సంవత్సరం మే నెలలో పోస్టెల్ ఒక్కడే వ్రాసిన 349వ పత్రం ఈ విషయంలో మూలస్తంభం. సంఖ్యలను పంచిపెట్టడానికి, జాబితా ప్రకటించడానికి ఒక అధికారి ఉండాలని అందులో ప్రతిపాదించాడు. ఆ అధికారికి రష్యా చక్రవర్తుల బిరుదైన జార్ అనే పేరు పెట్టి, పదవికి తన పేరే సూచించుకున్నాడు. హాస్యంగా వ్రాసినట్టు కనిపించినా అది నిజంగానే జరిగింది. 0 నుండి 63 వరకు అందరికీ ఉమ్మడి సేవలకు, 64 నుండి 127 వరకు ఆయా కేంద్రాల సొంత సేవలకు, 240 నుండి 255 వరకు ప్రయోగాలకు అని విభజించి, మిగిలిన సంఖ్యలను భవిష్యత్తు కొరకు అట్టిపెట్టాడు. టెల్‌నెట్‌కు 1, ఫైళ్ళ బదిలీకి 3, దూరపు కంప్యూటరుకు పని అప్పగించే సేవకు 5, ఎకోకు 7, డిస్కార్డ్‌కు 9 కేటాయించాడు.

ఇవన్నీ బేసి సంఖ్యలే కావడం యాదృచ్ఛికం కాదు. అప్పటి ఎన్‌సీపీ ప్రోటోకాలులో ఒక్కొక్క అనుసంధానం ఒక వైపుకే నడిచేది. సమాచారం పంపడానికి బేసి సంఖ్య సాకెట్, అందుకోవడానికి సరి సంఖ్య సాకెట్ వాడేవారు. కొత్తగా వచ్చిన అతిథికి సర్వరు ముందుగా ఒక సంఖ్యను పంపవలసి ఉండేది గనుక అందరికీ తెలిసిన సాకెట్ బేసి సంఖ్యే అయ్యేది. టీసీపీ వచ్చిన తరువాత ఒకే అనుసంధానంలో రాకపోకలు రెండూ సాధ్యమై ఈ అవసరం తీరిపోయింది. అయినా ఫైళ్ళ బదిలీకి 21, టెల్‌నెట్‌కు 23, ఈ-మెయిలుకు 25 అని బేసి సంఖ్యలే నిలిచిపోయాయి. ఖాళీగా మిగిలిన సరి సంఖ్యలు తరువాత వచ్చినవారికి అక్కరకు వచ్చాయి.

ప్రోటోకాళ్ళ రచన

1980 ఆగస్టులో యూడీపీ ప్రమాణాన్ని పోస్టెల్ ప్రకటించాడు. అది మూడు పుటల పత్రం. 1981 సెప్టెంబరులో ఐపీ, ఐసీఎంపీ, టీసీపీ ప్రమాణాలు వరుసగా 791, 792, 793 సంఖ్యలతో వెలువడ్డాయి. వీటిలోని మౌలిక భావనలు సెర్ఫ్, రాబర్ట్ కాన్‌లవి. వాటిని ఇతరులు చదివి ప్రోగ్రాము వ్రాసుకోగలిగేంత స్పష్టంగా తీర్చినవాడు పోస్టెల్. పంపేటప్పుడు నియమాలకు కచ్చితంగా కట్టుబడాలి, అందుకునేటప్పుడు ఎదుటివారి చిన్న పొరపాట్లను ఉదారంగా సహించాలి అన్న సూత్రం ఇతని టీసీపీ పత్రాల ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. ఆ ఉదారత వలన తప్పులు దిద్దుకోక పేరుకుపోతాయనే విమర్శ తరువాతి కాలంలో బలపడింది.

ఆర్పానెట్ కేంద్రాలన్నీ 1983 జనవరి 1న ఎన్‌సీపీని విడిచి టీసీపీకి మారాయి. ఈ మార్పు ప్రణాళికను 1981 నవంబరులో పోస్టెల్ వ్రాశాడు. 1982 ఆగస్టులో ఎస్‌ఎంటీపీ, 1985 అక్టోబరులో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి ఎఫ్‌టీపీ ప్రమాణాలు ప్రకటించాడు. సంఖ్యల కేటాయింపులో రేనాల్డ్స్ అతనికి కుడిభుజం. కేటాయించిన సంఖ్యల జాబితా తరచుగా కొత్త పత్రంగా అచ్చయ్యేది. 1994 అక్టోబరులో ఇద్దరి పేరుతో వచ్చిన 1700వ పత్రం ఆ వరుసలో చివరిది. ఆ తరువాత జాబితాను నెట్‌వర్కులోనే తాజాగా ఉంచడం మొదలుపెట్టారు.

టీసీపీలో పోర్టు సంఖ్యకు 16 బిట్ల చోటు ఉంది. అనగా 0 నుండి 65,535 వరకు సంఖ్యలు సాధ్యం. మొదట 255 వరకు గల సంఖ్యలనే పద్దులో చేర్చేవారు. 1992 జూలై నాటి జాబితాలో ఈ పరిధిని 1023 వరకు పెంచారు. వరల్డ్ వైడ్ వెబ్‌కు 80వ పోర్టు టిమ్ బెర్నర్స్-లీ పేరున నమోదయిన జాబితా కూడా అదే. రక్షిత వెబ్‌కు 443, 1994 జాబితాలో చేరింది. 1995 జూలైలో ఫిన్లాండుకు చెందిన తాతు యిలోనెన్ తాను వ్రాసిన ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాముకు ఒక సంఖ్య కావాలని ఐయానాకు విన్నవించుకున్నాడు. 21కి, 23కి నడుమ ఖాళీగా ఉన్న 22 మరుసటి రోజే మంజూరయింది. రుసుము లేదు, దరఖాస్తు పత్రాల కట్టలు లేవు. ఐయానా అనే పేరు, అనగా అంతర్జాల సంఖ్యల కేటాయింపు సంస్థ, 1988 నుండి పత్రాలలో కనిపిస్తుంది. పేరుకు సంస్థ అయినా వాస్తవంలో పోస్టెల్, రేనాల్డ్స్, మరి కొద్దిమంది సహచరులే.

స్థానిక సర్వరులో పోర్టుల ఘర్షణ

పోస్టెల్ పద్దు ఒక ఒప్పందం మాత్రమే. దానిని ఉల్లంఘించినవారిని ఆపే యంత్రాంగం నెట్‌వర్కులో లేదు. ఎవరైనా 80వ పోర్టులో తమకిష్టమైన ప్రోగ్రామును నడుపుకోవచ్చు. కాని ఒకే కంప్యూటరులో, ఒకే చిరునామాపై, ఒకే టీసీపీ పోర్టును సాధారణంగా రెండు ప్రోగ్రాములు ఆలకించలేవు. రెండవదానికి ఆ చిరునామా ఇప్పటికే వాడుకలో ఉన్నదని నిర్వహణ వ్యవస్థ తిరస్కారం తెలుపుతుంది. టీసీపీ, యూడీపీల సంఖ్యలు వేర్వేరు గనుక వాటి మధ్య ఈ ఘర్షణ రాదు.

గౌడవెల్లిలో ఒక విద్యార్థి తన కంప్యూటరులో ఎగ్జాంప్ స్థాపించి అపాచీ సర్వరును ప్రారంభించబోతే అది వెంటనే ఆగిపోవడానికి ఇదే తరచుగా కారణం. 80వ పోర్టును విండోస్‌లోని ఐఐఎస్ సర్వరు ముందే ఆక్రమించి ఉండవచ్చు. 2025 మేలో మూతబడిన స్కైప్ పాత సంచికలు సైతం 80, 443 పోర్టులను ప్రత్యామ్నాయంగా పట్టుకునేవి. నెట్‌స్టాట్ ఆదేశం ద్వారా ఏ పోర్టు ఏ ప్రాసెస్ సంఖ్య చేతిలో ఉన్నదో తెలుసుకోవచ్చు. లినక్స్‌లో ఎస్ఎస్, మ్యాక్‌లో ఎల్ఎస్ఓఎఫ్ ఇదే పని చేస్తాయి. విండోస్‌లో ఆ ప్రాసెస్ సంఖ్య 4 అని వస్తే అది సిస్టమ్ ప్రాసెస్. దానిని బలవంతంగా ముగించబోవడం వృథా. దాని వెనుకనున్న వెబ్ ప్రచురణ సేవను ఆపాలి.

ఆక్రమించిన ప్రోగ్రాము అవసరమైనదే అయితే కొత్త సర్వరునే వేరే సంఖ్యకు మార్చడం మేలు. అపాచీ అమరిక ఫైలులో లిజన్ అనే పంక్తిలోను, సర్వరు పేరు పక్కన ఉన్న చోటను 80కి బదులు 8080 వ్రాసి, బ్రౌజరులో చిరునామా చివర విసర్గ వంటి రెండు చుక్కలు పెట్టి 8080 చేర్చాలి. 80 అయితే బ్రౌజరు తానే ఊహించుకుంటుంది, మరే సంఖ్య అయినా చెప్పి తీరాలి. యూనిక్స్ సంప్రదాయంలో 1024 కంటె తక్కువ పోర్టులను తెరవడానికి నిర్వాహకుని అధికారం కావాలి. అభ్యాస సర్వర్లు 8080, 8000 వంటి పెద్ద సంఖ్యలు వాడడానికి అదొక కారణం. పెద్ద సంఖ్యలలోనూ ఘర్షణ తప్పదు. 2021లో విడుదలైన మ్యాక్ మాంటెరీ నుండి ఎయిర్‌ప్లే సేవ 5000వ పోర్టును తీసుకోవడంతో, అదే సంఖ్యను వాడే ఫ్లాస్క్ సర్వర్లు మొండికేశాయి.

ఎవరూ ఆ పోర్టును వాడడం లేదని నెట్‌స్టాట్ చెబుతున్నా సర్వరు తెరుచుకోని సందర్భాలుంటాయి. విండోస్‌లో హైపర్-వి వంటి భాగాలు కొన్ని వరుసల సంఖ్యలను ముందే ప్రత్యేకించుకోవడం దీనికి ఒక కారణం. ఆ వరుసల జాబితాను నెట్‌ష్ ఆదేశంతో చూడవచ్చు. మరొక కారణం 793వ పత్రంలోనే ఉంది. అనుసంధానాన్ని ముందుగా ముగించిన పక్షం, దారిలో ఆలస్యమైన పాత పొట్లాలు కొత్త అనుసంధానంలో కలిసిపోకుండా, కొంత సమయం వేచి ఉండాలని అందులో నియమం. ఆ పత్రం ఒక పొట్లం ఆయువును రెండు నిమిషాలుగా తీసుకుని, దానికి రెట్టింపు, అనగా నాలుగు నిమిషాలు, నిరీక్షణగా నిర్ణయించింది. లినక్స్‌లో ఇది ఒక నిమిషం. సర్వరును ఆపి తక్షణమే మళ్ళీ నడిపితే వచ్చే తిరస్కారం ఇటువంటిదే. కొద్దిసేపు ఆగితే చాలు. చిరునామాను తిరిగి వాడుకునే అనుమతిని ప్రోగ్రాములో అడిగినా సరిపోతుంది. వేచి ఉండే ఈ నియమం లోపం కాదు, రక్షణ.

డొమైన్ పేర్లు

1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. ఆ పనిని అతనికి అప్పగించినవాడు పోస్టెల్. 1984 అక్టోబరులో పోస్టెల్, రేనాల్డ్స్ కలిసి ఉన్నత స్థాయి డొమైన్ల నియమాలు ప్రకటించారు. దేశాలకు రెండక్షరాల సంకేతాలను సొంతంగా కల్పించక అంతర్జాతీయ ప్రమాణ సంస్థ జాబితాను యథాతథంగా స్వీకరించారు. ఏది దేశం, ఏది కాదు అన్న తగవు తన నెత్తిన పడకుండా పోస్టెల్ ఆ విధంగా తప్పించుకున్నాడు. భారతదేశపు డాట్ ఇన్ 1989 మే నెలలో నమోదయింది. దేశ డొమైన్‌ను నిర్వహించేవారు ధర్మకర్తల వలె ప్రవర్తించాలన్న అతని 1994 నాటి పత్రం చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది.

1998 జనవరి సంఘటన

1995 సెప్టెంబరులో నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ డొమైన్ నమోదుకు రెండేళ్ళకు 100 డాలర్ల రుసుము విధించింది. పేర్లు సరుకుగా మారాయి. ఒకే సంస్థ గుత్తాధిపత్యం తగదని పోస్టెల్ 1996లో కొత్త ఉన్నత స్థాయి డొమైన్లను ప్రతిపాదించాడు. అంతిమ అధికారం అమెరికా ప్రభుత్వానిదా, సాంకేతిక సమాజానిదా అన్న వివాదం ముదిరింది.

1998 జనవరి 28న పోస్టెల్, ఎనిమిది మూల సర్వర్ల నిర్వాహకులకు ఒక సందేశం పంపాడు. మూల జాబితాను నెట్‌వర్క్ సొల్యూషన్స్ నడిపే సర్వరు నుండి కాక, తన సంస్థలోని సర్వరు నుండి తీసుకోమని కోరాడు. వారు ప్రశ్నించకుండా మార్చుకున్నారు. జాబితా రెండుచోట్లా ఒకటే కాబట్టి ప్రపంచంలో వాడుకరులెవరికీ ఏ తేడా తెలియలేదు. అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఇరా మాగజినర్‌కు మాత్రం బాగా తెలిసింది. ఒత్తిడి రావడంతో, ఇది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ కొద్ది రోజులలోనే పూర్వస్థితిని పునరుద్ధరించాడు. ఇది నిజంగా పరీక్షయా, ప్రభుత్వానికి చేసిన హెచ్చరికయా అన్న చర్చ నేటికీ సాగుతున్నది. పేరున్న అధికార పత్రమేదీ లేని ఒక పరిశోధకుని ఒక్క మాటపై అంతర్జాలపు మూలంలో సగానికి పైగా కదిలింది. అతనిపై తోటివారికున్న నమ్మకానికి అది గుర్తు, ఆ ఏర్పాటు ఎంత బలహీనమైనదో కూడా దానితోనే బయటపడింది.

ఐయానా బాధ్యతలు స్వీకరించడానికి లాభాపేక్ష లేని సంస్థగా ఐక్యాన్ 1998 సెప్టెంబరు 30న నమోదయింది. దాని రూపకల్పనలో పోస్టెల్ ప్రధాన పాత్ర వహించాడు.

మరణం

ఐక్యాన్ ఏర్పడిన పదహారు రోజులకు, గుండె కవాట శస్త్రచికిత్స అనంతరం తలెత్తిన సమస్యలతో, పోస్టెల్ తన 55వ యేట లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. మరుసటి రోజు వింట్ సెర్ఫ్ వ్రాసిన సంస్మరణ 2468వ ఆర్‌ఎఫ్‌సిగా వెలువడింది. సాంకేతిక ప్రమాణాల వరుసలో ఒక శ్రద్ధాంజలికి చోటు దొరకడం అరుదు.

పొడవాటి గడ్డం, కాళ్ళకు చెప్పులతో కనిపించే పోస్టెల్‌కు సియెర్రా నెవాడా పర్వతాలలో కాలినడకన తిరగడం ఇష్టమైన కాలక్షేపం.

గుర్తింపు, అనంతర పరిణామాలు

1997లో లూయీ పూజాఁతో పాటు ఏసీఎం సిగ్‌కామ్ పురస్కారం అందుకున్నాడు. ఇంటర్నెట్ సొసైటీ 1999లో ఇతని పేరున ఒక సేవా పురస్కారం నెలకొల్పి, మొదటిది మరణానంతరం ఇతనికే ప్రకటించింది. 2012లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. జాయిస్ రేనాల్డ్స్ 2015 డిసెంబరులో మరణించింది.

పోర్టు సంఖ్యల విధానాన్ని 2011 ఆగస్టులో 6335వ పత్రం సవరించింది. దాని ప్రకారం 0 నుండి 1023 వరకు వ్యవస్థ పోర్టులు, 1024 నుండి 49151 వరకు వాడుకరి పోర్టులు, 49152 నుండి 65535 వరకు ఎవరికీ కేటాయించని తాత్కాలిక పోర్టులు. ఒకే సేవకు మామూలు పోర్టు, రక్షిత పోర్టు అని రెండేసి ఇచ్చే అలవాటును కూడా నిరుత్సాహపరచింది. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ మూల జాబితాలో చేరినది కూడా 2011లోనే.

ఐయానా విధులపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ తరువాత జరిగిన మొట్టమొదటి ఐక్యాన్ సమావేశానికి హైదరాబాదు వేదికయింది. ప్యూర్టో రికోలో జరగవలసిన ఆ 57వ సమావేశాన్ని జికా వ్యాధి కారణంగా హైదరాబాదుకు మార్చగా, 2016 నవంబరు 3 నుండి 9 వరకు అక్కడి అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగింది.